మేనల్లుడు కూలింగ్‌ల ఉన్నడు. తలకు పెట్టిన మానిటర్ మీద ఆ పట్టీ ఏం చెప్తది?

సూర్యాపేట మామ

అందరికీ నమస్కారం. మా చెల్లెకు నిన్న తెల్లవారుజామున సూర్యాపేటల కాన్పు అయింది. మాయ ముందుగాల్నే విడిపోయిందని అర్జెంటుగ ఆపరేషన్ చేసిండ్రు. బాబు పుట్టంగనే ఏడ్వలె. మాస్కు పెట్టి సంచితోని గాలి కొట్టి, తర్వాత గొంతుల గొట్టం వేసిండ్రు. నెలలు నిండినయి, బరువు 2.9 కిలోలు. మెదడుకు ఆక్సిజన్ అందలేదు, ఆరు గంటల లోపల కూలింగ్ (ఒళ్లు చల్లబరచుడు) మొదలువెట్టాలె, హైదరాబాద్ తీస్కపొండ్రి అని అక్కడి పిల్లల డాక్టర్ చెప్తే అంబులెన్స్‌ల వచ్చినం. కూలింగ్ మొదలయ్యేసరికి అయిదో గంట నడుస్తున్నది. బావ చెల్లె కాడ ఉన్నడు, ఇక్కడ నేనున్న.

బాబును చల్లటి పరుపు మీద పండవెట్టిండ్రు. ఒంటి వేడి 33.5 డిగ్రీల కాడ ఉంచుతున్నరు, 72 గంటలు ఇట్లనే అంటున్నరు. తల మీద రెండు పక్కల వైర్లు పెట్టి ఒక మానిటర్‌కు కలిపిండ్రు. పొద్దున, సాయంత్రం కాసేపు లోపలికి పంపుతరు. నేను పోయినప్పుడల్లా ఆ మానిటర్‌నే చూస్తున్న. పైన మామూలు ఈఈజీ (మెదడు కరెంటు) గీతలు ఉరుకుతనే ఉంటయి. కింద లావుపాటి పట్టీ ఒకటి మెల్లగ జరుగుతది. పక్కకు 5, 10, 25, 50, 100 అని అంకెలున్నయి. మొదటి రోజు రాత్రి ఆ పట్టీ అడుగుకు అంటుకొని ఉండె, దాంట్ల నుంచి దువ్వెన పళ్ల లెక్క పైకి లేస్తుండె. ఈ సాయంత్రం చూస్తే పట్టీ మొత్తం పైకి జరిగింది. కింది అంచు 5 దాటినట్టే కనపడ్డది. డాక్టర్‌ను అడిగితే "మెరుగు కనపడుతోంది, కానీ ఇప్పుడే మాట ఇవ్వలేం" అన్నడు.

ఇది మంచి గుర్తేనా? గుండె 92 అని చూపిస్తుంటే అది తక్కువ గాదా? నిన్న రాత్రి బాబు కాలు చెయ్యి కదలకున్నా ఫిట్స్ వచ్చినయని ఫినోబార్బిటోన్ ఇంజెక్షన్ ఇచ్చిండ్రు. కదలకుండ ఫిట్స్ ఎట్ల వస్తయి? మా దగ్గరి చుట్టం మెడికల్ షాపాయన అది పాత మందు, లెవెటిరాసిటామ్ ఇంక మంచిది అంటున్నడు. ఇంకొకటి, మన దేశంల కూలింగ్ చేస్తే చనిపోయే పిల్లలు ఎక్కువైండ్రని ఇంగ్లీషుల ఒక కాడ చదివిన. అప్పటి నుంచి నిద్ర పడ్తలేదు. తెలిసినోళ్లు చెప్పండి. ఇంట్ల అందరు నాకే ఫోన్ చేసి అడుగుతున్నరు, ఏం చెప్పాల్నో తెల్వదు.

పిఠాపురం సిస్టర్

అన్నయ్యా, నేను బెంగళూరులో ఒక ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) స్టాఫ్ నర్సుని. కూలింగ్ పిల్లల దగ్గరే నాకు ఎక్కువ డ్యూటీ పడుతుంది. మీ బాబు మానిటర్ నేను చూళ్ళేదు కాబట్టి బాబు గురించి ఏదీ ఖాయంగా చెప్పను. ఆ తెర మీద ఏముంటుందో, దాన్ని మేం ఎలా చూస్తామో చెప్తాను.

మీరు పట్టీ అంటున్నదాన్ని ఏఈఈజీ అంటారు. పాత డాక్టర్లు సీఎఫ్ఎం అనేవారు. మెదడులో పుట్టే విద్యుత్తుని తల మీద నుంచి పట్టుకుని, అందులో మరీ నెమ్మదైనవీ మరీ వేగమైనవీ వడకట్టేసి, గంటల తరబడి వచ్చేదాన్ని కుదించి గీస్తుంది. గంట మొత్తం సుమారు ఆరు సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. మామూలు ఈఈజీ అయితే దాన్ని చదవడం తెలిసిన డాక్టరు వచ్చి పేజీలు తిప్పాలి. ఇదైతే అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న నర్సు కూడా మంచం పక్కన నిలబడి, సాయంత్రం నుంచి ఏం మారిందో ఒక్క చూపులో పోల్చుకోగలదు.

ఆ అంకెలు మైక్రోవోల్టులు. కింది అంచు 5 పైన, పై అంచు 10 పైన నిలకడగా ఉంటే మెదడు ఎడతెరిపి లేకుండా పని చేస్తోందని అర్థం. పై అంచు బానే ఉండి కింది అంచు 5 లోపు ఉంటే మధ్యమధ్యలో ఆగుతోందని. మీరు మొదటి రాత్రి చూసిన దువ్వెన పళ్ళు, బహుశా, మెదడు చాలాసేపు మౌనంగా ఉండి ఒక్కసారి విద్యుత్తు విడిచే తీరు. అది తీవ్రమైన తీరే, అబద్ధం చెప్పను. దానికన్నా కిందివి రెండున్నాయి: పట్టీ మొత్తం అడుగున సన్నగా ఉండిపోవడం, పూర్తిగా చదునైపోవడం.

అయితే అన్నయ్యా, కూలింగ్ పిల్లల్లో మొదటి రాత్రి పట్టీ చూసి ఎవరూ నిర్ణయానికి రాకూడదు. కూలింగ్ లేని రోజుల్లో పుట్టిన ఆరు గంటల లోపు పట్టీ చెడుగా ఉంటే ఎక్కువమంది పిల్లలకి చెడే జరిగేది. కూలింగ్ వచ్చాక ఆ లెక్క మారింది. 2010లో వచ్చిన ఒక పరిశీలనలో, ఆ తొలి గంటల్లో పట్టీ చెడుగా ఉన్నవాళ్ళలో కూలింగ్ లేని పిల్లలకి 84 శాతం మందికి ఫలితం చెడుగా తేలితే, కూలింగ్ చేసినవాళ్ళలో 59 శాతం మందికే అలా అయింది. తర్వాత బాగున్న పిల్లల్లో, కూలింగ్ లేనివాళ్ళకి పట్టీ 24 గంటల్లోపు మామూలుకొస్తే, కూలింగ్ చేసినవాళ్ళకి 48 గంటల వరకూ పట్టింది. అందుకే మాకు రెండో రోజు సాయంత్రం ముఖ్యం. మీరు చెప్పేది నిజంగా పట్టీ ఎక్కడమే అయితే అది మేం కోరుకునే దారే.

"నిజంగా" అని ఎందుకన్నానంటే, పట్టీ మోసం కూడా చేస్తుంది. డైపర్ మార్చినా, గొట్టంలోంచి కఫం లాగినా ఎగురుతుంది, అందుకే ముట్టుకున్న ప్రతిసారీ మానిటర్‌లో గుర్తు పెడతాం. వెంటిలేటర్ అదురు కలుస్తుంది. మెదడు విద్యుత్తు మరీ తగ్గిపోయిన బిడ్డలో గుండె విద్యుత్తు అందులోకి చేరి పట్టీని పైకి లేపి చూపిస్తుంది. తల మీద అతికించిన జెల్ ఎండినా అంతే. పైన పరుగెత్తే ముడి గీతలు (కుదించని మామూలు ఈఈజీ) అక్కడ ఉండేది ఇందుకే. రేపు డాక్టరు గారిని "ముడి ఈఈజీలో కూడా మెరుగైందా సార్?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఆయన మీకు తెర చూపిస్తూ వివరంగా చెప్తారు. మందులు కూడా పట్టీని దించుతాయి. ఫినోబార్బిటోన్ ఇచ్చాక, మార్ఫిన్ నడుస్తున్నప్పుడు కొన్ని గంటలు పట్టీ కాస్త కుంగితే అది మందు ప్రభావం కావచ్చు.

గుండె 92 గురించి భయం వద్దు. ఒళ్ళు చల్లబడితే గుండె నెమ్మదిస్తుంది. 33.5 దగ్గర 80 నుంచి 100 మధ్య మేం రోజూ చూస్తాం, బీపీ బాగుంటే దాన్ని కదపం.

ఇక కదలకుండా ఫిట్స్. పుట్టిన పిల్లల్లో ఎక్కువ ఫిట్స్ కంటికి కనపడవు. పైగా మందు పడ్డాక కాళ్ళూ చేతుల కదలిక ఆగిపోయి, మెదడులో మాత్రం అలాగే సాగొచ్చు. పట్టీలో అయితే కింది అంచు ఉన్నట్టుండి పైకి లేచి మళ్ళీ దిగుతుంది. అప్పుడు పై గీతల్లో అదే ఆకారం వరసగా వస్తోందా అని చూస్తాం. ఈ మానిటర్ లేకపోతే రాత్రి మీ బాబు ఫిట్స్ ఎవరికీ తెలిసేవి కావు. అలాగని దీనికి అన్నీ చిక్కవు. తల మీద రెండు మూడు చోట్ల నుంచే వింటుంది కాబట్టి అర నిమిషం లోపు వచ్చేవీ, వైర్లకి దూరంగా వచ్చేవీ తప్పిపోతాయి. అనుమానం ఉంటే పూర్తి ఈఈజీ తీస్తారు.

సూర్యాపేట మామ

సిస్టర్, మీరు చెప్పినంక ఆ తెర ముందట నిలవడే ధైర్యం వచ్చింది. ఇవన్నీ బావకు ఫోన్‌ల చదివి వినిపించిన. ఇంక రెండు ప్రశ్నలు మిగిలినయి, మందు గురించి, ఆ చదివిన దాని గురించి.

నెల్లూరు అమ్మ

తమ్ముడూ, మా పాపకి కూడా కూలింగ్ చేశారు. ఇప్పుడు మూడేళ్ళు దాటాయి. మా పాప పట్టీ రెండో రోజు రాత్రికి గానీ లేవలేదు. నడక ఆలస్యంగా వచ్చింది, ఎడమ చెయ్యి కొంచెం బిగుతు, ఫిజియోథెరపీకి తీసుకెళ్తూనే ఉన్నాం. బాగా మాట్లాడుతుంది, అన్నీ అర్థమవుతాయి. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. మా పక్క బెడ్ బాబు దక్కలేదు.

నేను మీకు చెప్పాల్సింది మీ చెల్లెలి గురించి. కడుపు కోసుకుని, బిడ్డని కళ్ళారా చూడకుండా అంత దూరంలో పడుకున్న మనిషికి మీ ఫోనే ఆధారం. లోపల ఫొటోకి ఒప్పుకుంటే తీసి పంపండి, వైర్లున్నా సరే. బిడ్డ ఎలా ఉన్నాడో ఊహించుకోవడం ఆ ఫొటో చూడ్డం కన్నా భయంగా ఉంటుంది. ఇప్పటి నుంచే పాలు పిండడం మొదలుపెట్టమనండి, ఎన్ని చుక్కలైనా సరే. ముర్రుపాలు సిరంజీలో పట్టి, పేరూ టైమూ రాసి, ఐస్ బాక్సులో పంపించొచ్చేమో అక్కడి నర్సుల్ని అడగండి. మా పాప పెదాలకి ముందు రాసింది అవే. నేను ఆమెకి ఏదైనా చేస్తున్నానని నాకు అనిపించిన మొదటి పని అది.

చుట్టాల ఫోన్లకి ఒక్కటే జవాబు పెట్టుకోండి: "మూడు రోజులు అయ్యాక డాక్టర్ చెప్తారు." అంతకు మించి చెప్పాల్సిన బాకీ మీకు లేదు.

గోదావరి

అన్నా, ఇంత అనుమానం ఎందుకు, ఇప్పుడే ఎంఆర్ఐ తీయించమని గట్టిగా అడగండి. మెదడు ఎలా ఉందో తేలిపోతుంది కదా.

తెనాలి డాక్టర్, యూకే

నేను ఇంగ్లండులో నవజాత శిశువుల డాక్టర్ని. మామగారి ప్రశ్నలు, ఎంఆర్ఐ మాట, అన్నీ కలిపి రాస్తాను.

ముందు ఎంఆర్ఐ. మామూలుగా బిడ్డని తిరిగి వెచ్చబరిచాక, నాలుగైదు రోజుల నుంచి వారం లోపు తీస్తారు. వెంటిలేటరూ మందులూ నడుస్తున్న బిడ్డని కూలింగ్ మధ్యలో అక్కడికి తరలించడం ప్రమాదం. మొదటి ఒకటి రెండు రోజుల్లో మామూలు ఎంఆర్ఐలో గాయం పూర్తిగా తేలకపోవచ్చు కూడా. ఈలోగా బిడ్డని కదపకుండా మెదడు సంగతి గంటగంటకీ చెప్పేది మంచం పక్కన ఉన్న ఈ మానిటరే. దీన్ని మొదట చేసింది పిల్లల కోసం కాదు. 1960ల చివర్లో లండన్‌లో మేనార్డ్, పమేలా ప్రయర్ బృందం గుండె ఆగి బతికిన పెద్దవాళ్ళ మెదడుని కనిపెట్టుకుని ఉండడానికి తయారు చేశారు. తర్వాత స్వీడన్, నెదర్లాండ్స్‌లలో పసిపిల్లల డాక్టర్లు దాన్ని తమ వార్డుల్లోకి తెచ్చుకున్నారు. 2005లో వచ్చిన కూల్‌క్యాప్ అనే కూలింగ్ అధ్యయనంలో ఏ బిడ్డని చేర్చుకోవాలో తేల్చడానికే ఈ పట్టీని వాడారు.

మందు సంగతి. 2020లో వచ్చిన నియోలెవ్-2 అధ్యయనంలో ఈఈజీ పెట్టి మరీ రెండు మందుల్నీ పోల్చారు. ఫినోబార్బిటోన్‌తో 80 శాతం పిల్లల్లో ఫిట్స్ 24 గంటలపాటు ఆగాయి. లెవెటిరాసిటామ్‌తో 28 శాతంలోనే. పెద్దవాళ్ళలో కొత్త మందు హాయిగా పని చేస్తుంది కాబట్టి మీ చుట్టం అలా అనుకోవడం సహజం. పుట్టిన బిడ్డకి మాత్రం పాత మందే ముందు. మీ డాక్టర్లు సరైనదే ఇచ్చారు.

మీరు చదివింది హెలిక్స్ అధ్యయనం, 2021లో వచ్చింది. దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవడమే మంచిది. ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో ఏడు ఆసుపత్రుల్లో 408 మంది పిల్లలు. కూలింగ్ చేసినవాళ్ళలో 42 శాతం, చేయనివాళ్ళలో 31 శాతం చనిపోయారు. మరణాన్నీ, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన వైకల్యాన్నీ కలిపి చూస్తే తేడా లేదు. అంతకుముందు ధనిక దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపితే ఏడుగురికి కూలింగ్ చేస్తే ఒకరు మరణమో తీవ్ర వైకల్యమో తప్పించుకున్నట్టు తేలింది. ఇంత తేడా ఎందుకో మా రంగంలో ఇప్పటికీ వాదన నడుస్తోంది. హెలిక్స్ పిల్లల్లో చాలామందికి మెదడు దెబ్బ పురిటి గంటల్లో ఒక్కసారిగా కాకుండా, అంతకు ముందు నుంచే విడతలు విడతలుగా తగిలి ఉండొచ్చని ఒక అభిప్రాయం. మీ బాబు విషయంలో మాయ విడిపోవడం ఒక్కసారిగా జరిగిన సంఘటన, వెంటనే ఆపరేషన్ చేశారు, ఆరు గంటల లోపు కూలింగ్ మొదలైంది. వెంటిలేటరు, ఏఈఈజీ, రాత్రి ఫిట్స్ పట్టుకోగలిగిన మనుషులు అక్కడున్నారు. కూలింగ్ ఎలాంటి చోట చేయాలని మేం వాదిస్తామో అలాంటి చోటే అది జరుగుతోందని మీ మాటల్ని బట్టి నాకనిపిస్తోంది. ఎక్కడ పడితే అక్కడ, ఐస్ ప్యాకులు పెట్టి, మానిటరు లేకుండా చేయడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

దయచేసి ఆ వార్త చదివి మధ్యలో ఆపేయమని అడక్కండి. ఉన్నట్టుండి వెచ్చబరచడం బిడ్డకి మంచిది కాదు. 72 గంటలు అయ్యాక గంటకి అర డిగ్రీకి మించకుండా పెంచుతారు. ఆ గంటలే నేను ఎక్కువ జాగ్రత్తగా చూసేవి. అప్పటిదాకా లేని ఫిట్స్ వెచ్చబడేటప్పుడు బయటపడొచ్చు. అలా వచ్చిన పిల్లల్లో ఫలితాలు తక్కువ బాగుంటాయని 2021లో అమెరికా నుంచి వచ్చిన పరిశీలన చెప్పింది. కొన్నిచోట్ల 72 గంటలు కాగానే తలమీది వైర్లు తీసేస్తారు. వెచ్చబడడం పూర్తయ్యే వరకూ, వీలైతే ఆ తర్వాత కొన్ని గంటలూ ఉంచమని మీరు మర్యాదగా అడగొచ్చు.

సూర్యాపేట మామ

డాక్టర్ గారూ, సిస్టర్, అక్కా, మీకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. అందరికీ దండం. ఈ పొద్దు వెచ్చబరచుడు అయిపోయింది. వైర్లు ఉంచమని అడిగితే "మేము కూడా ఉంచుదామనే అనుకుంటున్నం" అన్నరు. మళ్ల ఫిట్స్ కనపడలే. పట్టీ ఇప్పుడు కాసేపు లావుగ, కాసేపు సన్నగ అయితున్నది, అది మంచిదే అని డాక్టర్ తానే పిలిచి చూపించిండు. చెల్లె పాలు బస్సుల ఐస్ బాక్స్ పెట్టి తెప్పించినం. ఎంఆర్ఐ వచ్చే రెండు రోజులల్ల ఉంటదట. ఇంటికి పోయినంక ఏం చూసుకోవాలె? ఇక్కడికి పదే పదే వచ్చుడు మాకు కష్టం.

పిఠాపురం సిస్టర్

అన్నయ్యా, డ్యూటీ దిగి చూశాను, చాలా సంతోషం. లావవడం, సన్నబడడం అంటే నిద్రా మెలకువా వేరు వేరుగా తెలుస్తున్నాయని. కూలింగ్ పిల్లల్లో అది రావడం కోసమే మేం ఎదురు చూస్తాం. ఎంత తొందరగా వస్తే అంత నయం. దానితోనే అంతా తేలిపోదు, ఎంఆర్ఐ, డాక్టరు చేసే పరీక్ష, బాబు నోటితో పాలు తాగడం, మూడూ కలిపి చూడాలి.

ఇంటికెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితంలో కూలింగ్ ఎప్పుడు మొదలైంది, ఫిట్స్ ఎన్నిసార్లు, ఏ మందు ఎంత, పట్టీ ఎన్నో గంటకి మామూలైంది, నిద్ర అలలు (పట్టీ లావవడం, సన్నబడడం) ఎప్పుడు మొదలయ్యాయి అన్నది రాయించుకోండి. ఎంఆర్ఐ రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకోండి. ఫిట్స్ మందు ఇంటికి రాస్తే ఎప్పుడు ఆపాలో అడిగి తేదీ వేయించుకోండి, మీ అంతట మీరు ఆపొద్దు, ఏళ్ళ తరబడి వాడుకుంటూ పోవద్దు కూడా. వినికిడికి బెరా పరీక్ష చేయించండి. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చేసే ఓఏఈ ఒక్కటీ ఇలాంటి పిల్లలకి చాలదు.

హైదరాబాద్ దాకా ప్రతిసారీ వెళ్ళక్కర్లేదు. ప్రభుత్వ బాలల ఆరోగ్య కార్యక్రమం, ఆర్‌బీఎస్‌కే కింద డీఈఐసీ అని జిల్లా స్థాయి కేంద్రాలున్నాయి. ఫిజియోథెరపీ, మాట, చూపు, వినికిడి పరీక్షలు అక్కడ ఉచితంగా చూస్తారు. మీకు దగ్గర్లో ఏది ఉందో మీ ఆశా కార్యకర్తని గానీ పీహెచ్‌సీలో గానీ అడిగి, డిశ్చార్జి కాకముందే ఫోన్ నంబరు తీసి పెట్టుకోండి. మూడు నెలలకి మెడ నిలుపుతున్నాడా, చేతులు రెండూ సమానంగా తెరుస్తున్నాడా అని మొదటి చూపు వాళ్ళే చూస్తారు. తల చుట్టుకొలత నెలనెలా టీకా కార్డు మీద రాయించండి, అది మీ ఊరి ఏఎన్‌ఎం కూడా చేయగలరు. ఎంఆర్ఐ వచ్చాక అందులో బేసల్ గాంగ్లియా (మెదడు లోపలి భాగం) గురించి ఏం రాశారో ఇక్కడ పెట్టండి, డాక్టరు గారూ నేనూ చూస్తాం.